కంచె మీది తీగలు

మార్టూరు దాటాక హైవే పక్కనున్న ఒక గ్రానైట్ యూనిట్‌లో హయాత్‌ది రాళ్ళకు ఫొటోలు తీసే పని. పాలిష్ పట్టిన పలకను స్టాండు మీద నిలబెడతారు. దాని మీద నీళ్ళు కొట్టి, చారలూ చుక్కలూ తేలాక ఫొటో తీసి, నంబరు వేసి, కొనేవాళ్ళకు ఫోన్లో పంపాలి. అంతకుముందు అతనికి ఊళ్ళో స్టూడియో ఉండేది. అది సాగక మూసేసి ఈ పనిలో చేరాడు. “పెళ్ళికూతుళ్ళ కన్నా రాళ్ళే నయం, కదలవు, కళ్ళు మూయవు” అని కొత్తలో అనేవాడు. ఇప్పుడు ఆ మాట అనే ఓపిక కూడా లేదు. పొద్దస్తమానం బూడిదరంగు పలకలు చూసీ చూసీ ఇంటికి వెళ్ళేసరికి అన్నం కూడా ఆ రంగులోనే కనిపించేది.

ఇంటికి వెళ్ళాక రెండో పని మొదలయ్యేది. అతని భార్య రహిమున్నీసాకు కిందటి వేసవిలో పక్షవాతం వచ్చింది. కుట్టు మిషను మీద జాకెట్టు కుడుతూ కుడుతూ ఒరిగిపోయింది. గుంటూరు తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది. కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. మాట మాత్రం పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదేమో, ఒక్క మాట మిగిలింది. “అదే.” నీళ్ళు కావాలన్నా అదే, కాలు నొప్పన్నా అదే, చిలకలూరిపేటలో కాపురముంటున్న కూతురు మెహర్ ఫోన్ చేసినా అదే. ఎదుటివాళ్ళకు అర్థం కాకపోతే ఇంకా గట్టిగా “అదే, అదే” అనేది. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకునేది.

పగలంతా పక్కింటి సుబ్బరావమ్మ కనిపెట్టుకుని ఉండేది. పెద్ద నోరూ మంచి మనసూ ఉన్న మనిషి. సాయంత్రం హయాత్ రాగానే “ఇదిగో నీ పెళ్ళాం, ఇదిగో నీ ఇల్లు” అని చెప్పి చెప్పుల్లో కాళ్ళు పెట్టేది. అతను అన్నం వండి, భార్యకు పెట్టి, గిన్నెలు కడిగి, ఆమె కాలికి నూనె రాసి పడుకునేవాడు. ఆమె కూడా అలసిపోయేది. మాట్లాడలేకపోవడానికి ఇంత బలం కావాలని వాళ్ళిద్దరికీ అప్పటిదాకా తెలియదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో మాటలు నేర్పే థెరపిస్టు ఉందని ఎవరో చెబితే తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి పేరు రచన. రహిమున్నీసాను కూర్చోబెట్టి, నాలుక ఆడించమని, పాట పాడమని, అంకెలు చెప్పమని చాలాసేపు చూసింది.

“హయాత్ గారూ, ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి. మీరన్నది అర్థమవుతోంది. తెలిసిన మాట నోటిదాకా వచ్చే దారే దెబ్బతింది. ఇంట్లో రోజూ వాడే వస్తువుల ఫొటోలు తీసి చూపించండి. పేరు చెప్పమనండి. తొందరపెట్టకండి.”

“ఎన్నాళ్ళకు వస్తాయి మేడమ్ మాటలు?”

“చెప్పలేనండి. కొంతమందికి వస్తాయి. కొంతమందికి కొన్నే వస్తాయి.”

అతను ఆ రాత్రే కంచం, గ్లాసు, దువ్వెన, మంచం, కుట్టు మిషను అన్నింటికీ ఫొటోలు తీశాడు. మర్నాడు ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపించాడు.

“ఇదేంటి?”

“అదే.”

“గ్లాసు. అను, గ్లాసు.”

“అదే.”

దువ్వెన దగ్గరికి వచ్చేసరికి ఆమె ఫోన్‌ను ఎడమచేత్తో తోసేసింది. ఆమె చూపులో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ కొలతలు కాగితం లేకుండా గుర్తుపెట్టుకున్న మనిషి. ఆమెను ఒకటో తరగతిలో కూర్చోబెట్టినట్టుంది. హయాత్ ఫోన్ జేబులో పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ప్రయత్నించాడు గానీ ఇద్దరికీ మనసు రాలేదు.

వానలు పట్టాయి. ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగాయి. యూనిట్ వెనక పనికిరాని రాళ్ళ గుట్ట, దాని పక్కన ముళ్ళతీగ కంచె. హయాత్ బీడీ కాల్చుకుందామని అటు వెళ్ళాడు. కంచె మీద ఒక తీగ పాకి ఉంది. దాని నిండా నీలం పువ్వులు. రాతిపొడి పడి ఆకులు తెల్లబడ్డాయి గానీ, పొద్దున్న కురిసిన వానకు పువ్వులు మాత్రం కడిగినట్టున్నాయి. అంత నీలం అతను ఈ మధ్య ఎక్కడా చూడలేదు. ఎందుకో తెలియదు, ఫోన్ తీసి ఒక ఫొటో తీశాడు. గాలికి పువ్వు ఊగి మసగ్గా వచ్చింది. ఎడమచెయ్యి గాలికి అడ్డం పెట్టి ఇంకోటి తీశాడు. అంతలో కరెంటు వచ్చింది.

సాయంత్రం ఇంట్లో మెహర్ పంపిన మనవరాలి ఫొటో భార్యకు చూపిద్దామని ఫోన్ తెరిచాడు. వేలితో జరుపుతుంటే రాతిపలకలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. మధ్యలో నీలం పువ్వు వచ్చి పోయింది. రహిమున్నీసా అతని మణికట్టు పట్టుకుంది. వెనక్కి జరపమని వేలు ఊపింది. అతను జరిపాడు.

ఆమె చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. “శం” అంది. ఆగింది. ఊపిరి తీసుకుంది. “శంఖుపువ్వు.”

హయాత్ కదల్లేదు. కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమోనని భయపడ్డాడు. కాసేపాగి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు చూపించాడు.

“ఇదేంటి?”

“అదే,” అంది ఆమె. తర్వాత ఫోన్ వైపు చూపించి మళ్ళీ అంది, “శంఖుపువ్వు.”

మర్నాడు పొద్దున్నే లేచి పెట్టెలోంచి పాత కెమెరా తీశాడు. బండి మీద పనికి వెళ్తూ హైవే ఎక్కకుండా డొంక దారిన వెళ్ళాడు. రెండువైపులా పత్తి చేలు, మిర్చి చేలు, వాటి చుట్టూ కంప. ఆ దారిన ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాడు. ఎప్పుడూ పచ్చగా ఉందనుకున్నాడు తప్ప అందులో ఏముందో చూడలేదు. ఆగి చూస్తే కంప కనిపించనంతగా తీగలున్నాయి. చిన్న చిన్న తెల్లపూలు పూసి, గాలి నింపిన సంచుల్లాంటి కాయలు కాసిన తీగ ఒకటి. తెల్ల గిన్నెల్లాంటి పూలున్న తీగ ఇంకొకటి. గుండ్రని ఆకుల కింద వేలాడుతూ, వెంట్రుకల అంచున్న పాలిపోయిన పూలు మరొకచోట. అన్నీ తీసి, రాత్రికి ఫోన్లోకి ఎక్కించాడు. ఒక్కదాని పేరూ అతనికి తెలియదు.

ఆమెకు తెలుసు. అన్నీ వెంటనే రాలేదు. కొన్నింటికి నుదుటి మీద చెమట పట్టేది. కానీ వచ్చేవి. “బుడ్డకాకర.” “కాకిదొండ.” వేలాడే పూల దగ్గర చాలాసేపు తడబడి, “జిట్టుపాకు” అని, ఎడమచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని నమిలినట్టు చూపించి, “మేక” అంది.

అప్పుడు గుర్తొచ్చింది హయాత్‌కు. రహిమున్నీసా వాళ్ళది పర్చూరు దగ్గర పల్లె. వాళ్ళమ్మ లాల్‌బీకి మేకలుండేవి. చిన్నప్పుడు బడికి పోకుండా మేకల వెంట వాగు గట్టున తిరిగిందని పెళ్ళిచూపులప్పుడు ఎవరో చెప్పారు. అదంతా ఆమె ఎన్నడూ చెప్పలేదు, అతను అడగనూ లేదు. ఏ తీగ తింటే మేకకు పాలు పడతాయో, ఏది తింటే కడుపు ఉబ్బుతుందో తెలుసుకోకపోతే వాళ్ళమ్మ వీపు చీరేసేదేమో. తన్నులు తిని నేర్చుకున్న పేర్లు. వాటిని పక్షవాతం తీసుకుపోలేకపోయింది.

ఆ వానాకాలమంతా అలా గడిచింది. ఫొటోలు తీయడంలో హయాత్‌కు పాత చెయ్యి తిరిగివచ్చింది. ఆమె జుమికి అన్న పువ్వు పొద్దున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుందని కనిపెట్టి, దానికోసం ఇంకా ముందే బయల్దేరేవాడు. దగ్గరికి వంగి చూస్తే దాని చుట్టూ జరీ అంచులాగా సన్నని ఊదా పోగులు. ఏ ముహూర్తానికీ ఎవరూ కోయని పువ్వు. ఎవరూ చూడకపోయినా రోజూ అంత శ్రద్ధగా పూస్తోంది. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. ఆ కాసేపూ అలసట గుర్తుకొచ్చేది కాదు. లేచి బండి స్టార్ట్ చేయగానే మళ్ళీ భుజాల మీదికి ఎక్కేది.

ఒకరోజు మిర్చి చేను గట్టున ఫొటో తీస్తుంటే వెనక నుంచి కేక వినిపించింది.

“ఎవరయ్యా అది? సర్వేనా?”

చేను గలాయన. యలమందయ్య అని, చేతిలో మందు డబ్బాతో నిలబడ్డాడు.

“సర్వే కాదండీ. తీగ ఫొటో తీసుకుంటున్నా.”

“తీగ ఫొటోనా? ఎందుకు, మందులోకా?”

హయాత్ సంగతి చెప్పాడు. యలమందయ్య విన్నాడు. డబ్బా కింద పెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“తీసుకో అయితే. ఇయ్యాలే తీసుకో. రేపు ఈ కంచెంతా మందు కొట్టిస్తన్నా.”

“దేనికండీ?”

“నల్లతామర పురుగయ్యా. చేలో కొడితే పోయి ఈ పూలల్లో కూకుంటంది. మళ్ళీ వచ్చి కాపు మీద పడతంది. నిరుడు పూత మొత్తం రాలిపోయింది. నాకేమన్నా ఈ తీగల మీద పగా?”

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన కళ్ళ కింద కూడా నిద్రలేని నలుపుంది. హయాత్ తీయగలిగినన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. రెండ్రోజుల తర్వాత అటు వెళ్తే కంచె మొత్తం ఎండు పొగాకు రంగులో వేలాడుతోంది. ఆయన చూసి పక్క చేల వాళ్ళూ కొట్టించారు. డొంకలో ఫొటో తీయడానికి ఇక పెద్దగా ఏమీ మిగల్లేదు.

అప్పటికి యూనిట్‌లో కూడా మాట పడింది. పెద్ద ఆర్డరు వచ్చి పలకలు పేరుకుపోతుంటే హయాత్ రోజూ ఆలస్యంగా వస్తున్నాడని మేనేజరు రఘురామ్ పిలిచి కూర్చోబెట్టాడు. “నీ పరిస్థితి తెలుసు హయాత్. కానీ రాయి ఎదురుచూసినా కొనే పార్టీ ఎదురుచూడడు గదా” అన్నాడు. హయాత్ తల ఊపాడు. అప్పటినుంచి పొద్దున్నే నేరుగా పనికి పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు.

రహిమున్నీసా మాత్రం రోజూ సాయంత్రం ఎదురుచూసేది. అతను చొక్కా విప్పకముందే ఫోన్ కోసం చెయ్యి చాపేది. “అదే” అనేది. కొత్త ఫొటోలు లేవంటే ఒప్పుకునేది కాదు. సుబ్బరావమ్మ గడప దగ్గర నిలబడి, “పొద్దున్నించీ అంతే బాబూ. అన్నం అనమంటే అనదు. కలుపుతీగల పేర్లు మాత్రం జపం చేసుద్ది” అంది.

ఆ రోజు అతనికి జ్వరంగా ఉంది. నడుం పట్టేసింది. రహిమున్నీసా ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. “అదే. అదే.”

“లేవన్నానా,” అన్నాడు హయాత్. గొంతు పెద్దది కాలేదు గానీ గరుకుగా వచ్చింది. “గడ్డి పేర్లు చెబుతావు. ఆకలేస్తే చెప్పలేవు, నొప్పేస్తే చెప్పలేవు. ఈ గడ్డి పేర్లతో నాకేం ఒరుగుద్ది రహిమా? నాకింక ఓపిక లేదు.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. లేచి, కాలీడ్చుకుంటూ గదిలోకి వెళ్ళి పడుకుంది.

ఆ తర్వాత ఆమె తీగల పేర్లు కూడా చెప్పడం మానేసింది. పాత ఫొటోలు చూపించినా పెదవి విప్పేది కాదు. చివరికి “అదే” కూడా తగ్గిపోయింది. ఇల్లు చప్పుడు లేకుండా అయింది. హయాత్ ఎన్నోసార్లు మంచం పక్కన కూర్చుని ఏదో అనబోయాడు. అనకుండానే లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కునేవాడు. బ్రాడీపేట వెళ్ళినప్పుడు జరిగింది రచనతో చెప్పాడు. ఆమె తిట్టలేదు. “మీరు పడుకుంటున్నారా సరిగా?” అని అడిగింది. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం సెలవు దొరికింది. పొద్దున్నే కాఫీ ఇస్తూ భార్యను అడిగాడు.

“చిన్నప్పుడు మీరు మేకల్ని తోలేది ఎక్కడికి?”

ఆమె తలెత్తి చూసింది.

“వాగు గట్టు మీదికేనా? చూపిస్తావా?”

ఆమె కప్పు కింద పెట్టి చెప్పుల కోసం చూసింది.

ఆటో జక్రయ్యది. మెహర్ పెళ్ళప్పుడు చుట్టాలందర్నీ తిప్పినవాడు, మనిషి నెమ్మది. గతుకుల్లో ఆపి ఆపి నడిపాడు. పర్చూరు దాటాక రహిమున్నీసా ముందుకు వంగి చేత్తో దారి చూపడం మొదలుపెట్టింది. ఎడమకు, మళ్ళీ ఎడమకు, పొగాకు కాల్చే బ్యారన్ పక్కనుంచి. వాగు గట్టు మొదట్లో ఆటో ఆగింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను గట్టెక్కించి ఒక చదును రాయి మీద కూర్చోబెట్టారు. ఆమె రొప్పుతోంది. వాగులో సన్నగా నీళ్ళు. తీగలన్నీ పూలు రాలిపోయి కాయ మీదున్నాయి. చాలామటుకు ఎండాయి. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఇంతదూరం తీసుకొచ్చి అలసట తప్ప ఏం ఇచ్చానని హయాత్ మనసులో అనుకున్నాడు.

ఆమె మాత్రం చుట్టూ చూస్తోంది. చేతికందిన ఒక తీగను పట్టుకుని ఆకు నలిపి వాసన చూసింది. పేరు చెప్పలేదు.

హయాత్ కెమెరా తీసుకుని కొంచెం కిందికి దిగాడు. తుమ్మచెట్టు మీదికి పాకిన ఒక తీగకు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి వంపు తిరిగి, వెల్వెట్ గుడ్డ చుట్టినట్టు మెత్తగా, ఎండకు బంగారు రంగులో మెరుస్తోంది. ఇంత అందమైన కాయ ఇప్పటిదాకా తీయలేదనుకున్నాడు. వెలుగు సరిగా పడటం లేదు. గుత్తిని ఇటు తిప్పుదామని చెయ్యి చాపాడు.

“ముట్టుకోకయ్యా!”

గట్టు మీది నుంచి కేక. ఆటో దగ్గరున్న జక్రయ్య తిరిగి చూశాడు. హయాత్ కూడా తిరిగి చూశాడు. రహిమున్నీసా రాయి మీద నుంచి సగం లేచి నిలబడి ఉంది.

“దూలగొండి,” అంది. “ముట్టుకోకు. దూల.”

అప్పటికే ఆలస్యమైంది. వేళ్ళు తగలనే తగిలాయి. మొదట చీమ పాకినట్టుంది. తర్వాత మణికట్టు దాకా నిప్పు పాకింది. హయాత్ చెయ్యి గోక్కుంటూ గట్టెక్కాడు. గోకినకొద్దీ ఎక్కువవుతోంది. ఆమె అతని చెయ్యి పట్టి ఆపింది. జక్రయ్య వైపు చూసి వాగును చూపించింది. “మట్టి,” అంది. అతను దోసెడు తడిమట్టి తెచ్చాడు. ఎడమచేత్తో ఆమె దాన్ని భర్త చేతికి మందంగా పూసింది. ఆరేదాకా కదలనివ్వలేదు. ఆరాక పైనుంచి కిందికి ఒకే వైపు తుడిచి, మళ్ళీ పూసింది. ఆ మధ్యలో అతని మొహం చూసి నవ్వొచ్చి ఆపుకోబోయింది. ఆగలేదు. సగం వంకరపోయిన నోటితో, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. జక్రయ్య కూడా నవ్వాడు. హయాత్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మంట మాత్రం తగ్గలేదు.

“ఆ రోజు నేనన్న మాట,” అని మొదలుపెట్టాడు.

ఆమె తల అడ్డంగా ఊపి, మట్టి పూసిన చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

తిరుగు దారిలో ఆమె నిద్రపోయింది. హయాత్ మెలకువగా ఉందామనుకున్నాడు గానీ, అతనూ ఆమె తల మీదికి వాలి నిద్రపోయాడు. ఇల్లు వచ్చాక జక్రయ్య కాసేపు ఇంజను ఆపి ఊరుకుని, అప్పుడు లేపాడు.

మాటలన్నీ అలా ఒక్కసారిగా ఏమీ రాలేదు. మర్నాడు ఫొటో చూపిస్తే మళ్ళీ “అదే” అంది. రచనకు చెబితే, వస్తువు పేరు ఒక దారి, వద్దు అనో ఇలా చెయ్యి అనో చెప్పే మాట ఇంకో దారి అని, అది తెరుచుకోవడం మంచిదేనని, మరీ ఆశ పెట్టుకోవద్దని అంది. హయాత్ ఆశ పెట్టుకునే ఓపికలో లేడు. సెలవు దొరికిన ఆదివారాలు మాత్రం ఆమెను తీసుకెళ్ళేవాడు. ఎటు వెళ్ళాలో ఆమె చూపించేది. కొన్నిసార్లు దారి మధ్యలోనే ఇద్దరికీ విసుగొచ్చి వెనక్కి వచ్చేసేవాళ్ళు. ఎక్కడైనా ఒక కాకిదొండ పువ్వు కనిపిస్తే ఆగి, అతను ఫొటో తీసేవాడు, ఆమె చూసేది. ఒక్కోసారి పేరు చెప్పేది. చెప్పకపోతే అతను అడిగేవాడు కాదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, పని నుంచి వచ్చి ఆమెకు స్నానానికి నీళ్ళు తోడాడు. పొయ్యి మీది నీళ్ళు బకెట్లో పోసి, ఆమెను పీట మీద కూర్చోబెట్టాడు. చెంబు ముంచబోతుంటే ఆమె బకెట్లో వేలు పెట్టి తీసేసింది.

“కాలుద్ది,” అంది.

హయాత్ చెంబు కింద పెట్టాడు. తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి చన్నీళ్ళు తెచ్చి కలిపాడు.

“ఇప్పుడు చూడు,” అన్నాడు.